లోపం లేదని మూడుసార్లు రాశాను

ల్యాప్‌టాప్ సర్వీసు పనిలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి సలహా అడుగుతుంటారు. ఏ కోర్సు చేయాలి, ఏ సర్టిఫికెట్‌కు విలువుంది, సోల్డరింగ్ ఎక్కడ బాగా నేర్పుతారు అని. ఆ సంగతులు నాకంటే వాళ్ళ చేతిలోని ఫోన్లకే ఎక్కువ తెలుసు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. నోటితో చెప్తుంటే సగంలోనే వాళ్ళకు బస్సు టైమవుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మాది రామన్నపేట. మా నాయిన కూలికి పోయి నన్ను ఐటీఐ చదివించాడు. మొదట టైపు మిషన్లు, తర్వాత బల్ల మీది కంప్యూటర్లు బాగుచేశాను. రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆఫీసుల వాళ్ళ చేతుల్లోకి ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. అంతకు పన్నెండేళ్ళ ముందు నుంచి రిటైరయ్యేదాకా మహబూబ్‌నగర్‌లో ఒక సర్వీసు సెంటరులో పనిచేశాను. అటు అమ్రాబాద్ అడవి నుంచి ఇటు నల్లగొండ పల్లెల దాకా ఆఫీసు మిషన్లకు మేమే దిక్కు. జిల్లాలు ముక్కలు ముక్కలయ్యాయి గానీ మా తిరుగుడు మాత్రం ముక్కలు కాలేదు.

ముందు సంచి

నాకు పని నేర్పింది ఖాదర్ సాబ్. ఆయనే మా సెంటరు మొదటి ఇన్‌చార్జి. ఎవరైనా ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెడితే మేం స్క్రూడ్రైవరు అందుకునేవాళ్ళం. ఆయన చేయి అడ్డం పెట్టేవాడు.

"మిషన్‌ను తర్వాత అడుగు సత్తయ్యా. ముందుగాల సంచిని అడుగు."

సంచిలో చార్జర్ పక్కన టిఫిన్ డబ్బా ఉంటే కీబోర్డులోకి తడి ఎట్లా వచ్చిందో తెలుస్తుంది. చార్జర్ తీగ సుతిలి తాడు చుట్టినట్టు బిగించి ఉంటే తెగింది ఎక్కడో తెలుస్తుంది. సంచి తర్వాత కీలు చూడాలి. ఏ అక్షరం అరిగిందో చూస్తే ఆ మనిషి ఏం పనిచేస్తాడో చెప్పొచ్చు. డిలీట్ బటన్ మిగతా వాటికంటే ముందు అరిగిపోయిన ల్యాప్‌టాప్ ఒకటి మాకు ప్రతి ఏడూ వచ్చేది. అది రోజుకో మాట చెప్పే ఒక ఆఫీసరు గారి కింద పనిచేసే టైపిస్టుది. ఆమె తప్పేం లేదు.

చివరకు చెవి. హార్డ్ డిస్క్ పాడయ్యే ముందు లోపల టక్కుమని ఒక చప్పుడు చేస్తుంది. ఫ్యాన్ బేరింగు పోతే గరగరలాడుతుంది. ఖాదర్ సాబ్ మిషన్‌ను చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని రోగం చెప్పేవాడు. నేనూ ఆ విద్య పట్టుకున్నాను. ఆయన పోయాక ఆఫీసుల్లో నన్ను చెవి సత్తయ్య అనడం మొదలుపెట్టారు. ఆ పేరంటే నాకు ఇష్టంగానే ఉండేది. దాచుకోవడం ఎందుకు, కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఫారం

ఏడాదికోసారి ల్యాప్‌టాప్‌ల కంపెనీ నుంచి ఒక ఫారం వచ్చేది. రాబోయే తరం మోడల్‌లో మీకేం కావాలి అని వాడేవాళ్ళను అడగాలి. బరువు, మందం, వేగం, తెర, బ్యాటరీ, కెమెరా. ఎదురుగా గళ్ళు. టిక్కు పెట్టించి పంపడం మా పని.

మొదటి ఏడు మహబూబ్‌నగర్‌లో ఒక ఆఫీసు మీటింగు హాల్లో నలభై మందికి ఫారాలు పంచాను. ముందు వరుసలో కూర్చున్న పెద్ద ఆఫీసరు తన ఫారం పైకెత్తి "పలుచగా, తేలికగా ఉండాలె, ఏమంటరు?" అన్నాడు. నలభై ఫారాల్లోనూ అవే రెండు గళ్ళకు టిక్కులు పడ్డాయి. మీటింగు అయిపోయాక ఒక క్లర్కమ్మ వరండాలో నన్ను ఆపింది.

"అందరి ముందల చెప్పలే గని సార్, నాకు పాతదే ఉంచుండ్రి. గీ పాత కీలు లోతుగ ఉంటయి, చూడకుంట కొడ్త. కొత్తదాని మీద కొడ్తె బల్ల మీద వేళ్ళు కొట్టుకున్నట్టుంటది."

ఆ మాట రాయడానికి ఫారంలో గడి లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నల్లగొండ వైపు భూముల కొలతల పని జోరుగా సాగింది. సర్వేయర్ల ల్యాప్‌టాప్‌లు వరసగా వేడెక్కి ఆగిపోయేవి. విప్పి చూస్తే ఫ్యాన్ల నిండా నల్లటి ఊలు. ఒకటి రెండు కాదు, అన్నింట్లోనూ అదే. ఎలుక గూడు కట్టిందేమో అనుకున్నాం మొదట. చివరకు రామన్నపేట దగ్గర ఒక మెట్ట చెలకలో సర్వేయరు యాదగిరిని పని చేస్తుండగా చూశాను. మిట్టమధ్యాహ్నం ఎండలో తెర మీద ఏమీ కనపడదు. అందుకని పక్కన గొర్రెలు కాసేవాళ్ళ దగ్గర గొంగడి అడిగి తీసుకుని, ల్యాప్‌టాప్‌తో సహా దాని కింద దూరేవాడు. పాతకాలం ఫోటో తీసేవాళ్ళ లాగా. కింద ఒళ్ళంతా చెమట, లోపల ఫ్యాన్ గొంగడి బొచ్చు పీల్చుకుంటోంది.

"ఏం కావాలె యాదగిరీ నీకు, కొత్త మోడల్ల?" అని అడిగాను.

"ఎండల కనవడాలె సార్. గంతే. తేలికనో బరువో నాకు ఫికర్ లేదు, మోసేది బండి."

యాదగిరి మాట మాత్రం ఫారం అడుగున చేత్తో రాశాను. ఎవరైనా చదివారో లేదో తెలియదు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మూడు నాలుగేళ్ళు గడిచాక ఫారాలు పట్టుకుని తిరగడం మానేశాను. బస్సులో కూర్చుని నేనే నింపేసేవాణ్ణి. పలుచగా, తేలికగా, వేగంగా. ఎట్లాగూ అందరూ అదే అంటారు కదా అని. ఆఫీసుకు నలుగురి పేర్లు వేసి పంపేసేవాణ్ణి. ఒక్క రోజులో పని అయిపోయేది. మా కొత్త మేనేజరు మెచ్చుకున్నాడు. ఆయన దగ్గర కొలమానం ఒకటే: నెలలో ఎన్ని కంప్లెయింట్లు మూశావు. బాగుచేశావా అని కాదు, మూశావా అని. చెడ్డ మనిషి కాదు. పైవాళ్ళు ఆయన్ని కూడా అట్లాగే కొలిచేవారు.

అడిగినట్టే కొత్త మోడల్ వచ్చింది. పలుచగా, తేలికగా, వేగంగా.

అనసూయ

ఆ కొత్త మోడల్ వచ్చిన రెండు నెలలకు అనసూయ మా సెంటరుకు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. బడి పిల్లల ఆరోగ్య పథకం ఒకదానిలో కాంట్రాక్టు మీద పనిచేసే టెక్నీషియను. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు బడులకు తిరిగి పిల్లల చెవులు పరీక్షిస్తుంది. ల్యాప్‌టాప్‌కు హెడ్‌ఫోన్లు తగిలించి పిల్లల చెవులకు పెడుతుంది. ముందు లావు శబ్దాలు, తర్వాత సన్నటివి, ఒక్కొక్కటి మెల్లమెల్లగా తగ్గిస్తూ వినిపిస్తుంది. వినపడినప్పుడల్లా పిల్ల బటన్ నొక్కాలి. నొక్కని చోట లోపం ఉన్నట్టు గ్రాఫులో పడుతుంది.

"సార్, గిది కూస్తాంది," అంది ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి.

"ఫ్యానా?"

"ఫ్యాన్ కాదు. సన్నగ, చెవుల దోమ దూరినట్టు. మూత తెరిస్తె మొదలైతది, మూస్తె ఆగుతది. పిల్లలకు నేను పెట్టే సప్పుడు ఏదో, ఇది కూసే సప్పుడు ఏదో తెలుస్తలేదు."

మా సెంటరు బస్టాండు మలుపులో ఉంది. బస్సుల హారన్లు, పక్క దుకాణం జనరేటరు, మా బల్లల మీద దుమ్ము ఊదే బ్లోయర్లు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు ఇదే. ల్యాప్‌టాప్ తెరిచి చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు. పక్క బల్ల దగ్గరి కుర్రవాళ్ళను వినమన్నాను. ఆ రొదలో వాళ్ళకూ ఏమీ తెలియలేదు. "పరీక్షించాను. లోపం లేదు," అని రాసి సంతకం పెట్టి ఇచ్చేశాను.

నెల తర్వాత మళ్ళీ వచ్చింది. ఎందుకైనా మంచిదని ఫ్యాన్ మార్చాను. మళ్ళీ విన్నాను. లోపం లేదని మళ్ళీ రాశాను.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె నిలబడే మాట్లాడింది. "సార్, జర సప్పుడు లేని జాగాల పెట్టి ఇనుండ్రి."

వెనక స్టోరు గదిలోకి తీసుకుపోయి తలుపేశాను. బ్లోయర్లు ఆపించాను కూడా. మేమిద్దరమే ఉన్నాం. మూత తెరిచింది.

"ఇప్పుడు ఇనవడ్తాంది కద సార్?"

"లేదమ్మా."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను అబద్ధం చెప్తున్నాననుకుంది. ఆమె అబద్ధం చెప్తోందని నేననుకున్నాను. ఇరవై ఏళ్ళుగా మిషన్లు విని రోగం చెప్పేవాణ్ణి, గది నిశ్శబ్దంగా ఉంది, నాకు వినపడలేదు. అంటే చప్పుడు లేదు. నా తర్కం అంతే. ఇంకో దారి ఉంటుందని నాకు తోచనే లేదు. మూడో రిపోర్టు రాశాను. ఈసారి "ఏ లోపమూ లేదు" అని కొంచెం గట్టిగానే రాశాను.

మేనేజరుతో చెప్తే ఆయన నవ్వాడు. "ఒక్క మనిషి నుంచే మూడుసార్లు వచ్చిందంటే కంప్లెయింటు మిషన్‌ది కాదు, మనిషిది." నేనూ తలూపాను.

మెమో

నాలుగోసారి ఆమె ల్యాప్‌టాప్ లేకుండా వచ్చింది. చేతిలో ఒక కాగితం. నా మూడు రిపోర్టులూ దానికి పిన్ను చేసి ఉన్నాయి.

జరిగింది ఇది. ఆ కొత్త మిషన్ వచ్చినప్పటి నుంచి అనసూయ పరీక్షించిన పిల్లల్లో సగానికి పైగా సన్నటి శబ్దాల దగ్గర లోపం చూపిస్తోంది. వాళ్ళ పేర్లు లిస్టు రాసి పెద్ద దవాఖానకు పంపింది. అక్కడ మొదటి ఎనిమిది మందిని చూసి అందరి చెవులూ బాగున్నాయని వెనక్కి పంపారు. మిగతా పేర్లు చూడకుండానే కొట్టేశారు. మిషన్‌లో లోపం లేదని మా సెంటరు మూడుసార్లు రాసింది కాబట్టి లోపం పరీక్ష చేసే మనిషిదేనని పథకం ఆఫీసువాళ్ళు మెమో ఇచ్చారు. నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. ఈ మెమో ఉండగా మళ్ళీ తీసుకోరు.

"మా ఇంట్ల జీతం తెచ్చేది నేనొక్కదాన్నే సార్. మా బాపు గొర్లు కాస్తడు," అంది. కాగితం మడుస్తూ, "అయినా గది గాదు. పని రాదని రాసిండ్రు. ఆరేండ్ల సంది చేస్తున్న పని నాకు రాదని రాసిండ్రు."

ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేదేమో, ఓదార్చి పంపేసేవాణ్ణి.

"మీరొక్కసారి బడికి రాండ్రి సార్. ఆడ ఇనుండ్రి. ఆడ గూడ ఇనవడలేదంటె నాకే చెవుల జబ్బున్నట్టు."

మిషన్ మన దగ్గరికి రావాలి గానీ మనం దాని దగ్గరికి పోవద్దన్నది మేనేజరు పెట్టిన పద్ధతి. ఆ రోజు ఎందుకో వస్తానన్నాను. సెలవు పెట్టుకుని పోయాను.

అమ్రాబాద్ బడి

అమ్రాబాద్ దాటి అడవిలోకి కొంత దూరం పోతే వచ్చే చిన్న బడి. పెంటలనే చెంచుల గూడేల నుంచి వచ్చే పిల్లలు ఎక్కువ. ఆటో ఆగాక డ్రైవరు ఇంజను ఆపేస్తే ఒక్కసారిగా నా చెవుల్లో ఏదో ఖాళీ అయినట్టు అనిపించింది. అంత నిశ్శబ్దం. మహబూబ్‌నగర్ బస్టాండు మలుపులో ఇరవై ఏళ్ళు ఉన్నవాడికి అది నిశ్శబ్దమని తెలియడానికి కూడా కొంచెంసేపు పట్టింది.

బడి గడప దగ్గర ఒక తల్లి నిలబడి ఉంది. దవాఖానకు పంపిన ఎనిమిది మందిలో ఆమె పిల్ల ఒకతి. నేను ల్యాప్‌టాప్ సంచితో వస్తుంటే, పరీక్ష చేసేది నేనే అనుకున్నట్టుంది.

"మా పోరికి చెవుడని రాసింది నువ్వేనా సారు? ఆకుల కింద పాము పోయినా మా పోరి ఇంటది. రెండు దినాలు పని ఇడిసి దవాఖాన సుట్టు తిరిగిన. బడిల అందరు దాన్ని చెవిటిది, చెవిటిది అనవట్టిరి."

అనసూయ తల దించుకుంది. ఆ మాటకు జవాబు చెప్పాల్సింది నేనే గానీ, అప్పటికి నాకది తెలియదు.

నేను ఒక పద్ధతి చెప్పాను. పన్నెండు మంది పిల్లలను గోడ వైపు తిప్పి, నాకు వీపు పెట్టి కూర్చోబెట్టాం. కళ్ళు మూసుకోమన్నాం. ల్యాప్‌టాప్‌ను వెనక బీరువాలో పెట్టి, చేయి లోపలికి పెట్టి నేను నిలబడ్డాను. సన్నటి కూత వినపడితే చేయి ఎత్తాలి, ఆగితే దించాలి. మాటలు వద్దు. నిజం చెప్తే, చేతులు ఒకటి ఒకసారి, ఇంకోటి ఇంకోసారి లేస్తాయని, దాంతో అనసూయకు సంగతి అర్థమవుతుందని నా ఆలోచన. నేను పోయింది ఆమెను ఒప్పించడానికే.

చప్పుడు కాకుండా మూత తెరిచాను. చేతులు లేచాయి.

మూశాను. దిగాయి.

కొంతసేపు ఏమీ చేయకుండా ఊరుకున్నాను. ఒక్క చేయి కదల్లేదు. మళ్ళీ తెరిచాను. మళ్ళీ లేచాయి. వెంటనే మూసి వెంటనే తెరిచాను. చేతులు అట్లాగే దిగి అట్లాగే లేచాయి. ఎనిమిది సార్లు చేశాను. ఎనిమిది సార్లూ అంతే. నాకు మాత్రం ఆ గదిలో పిల్లల ఊపిరి, బయట ఏదో పిట్ట తప్ప ఇంకేమీ వినపడలేదు.

అప్పుడే ఇంకోటి కూడా చూశాను. నాకు వినపడదు కాబట్టి నేను చేతుల్నే చూస్తున్నాను. పదకొండు చేతులు ఒకేసారి లేస్తున్నాయి. కుడి చివర కూర్చున్న ఒక పిల్ల చేయి మాత్రం ప్రతిసారీ ఒక్క క్షణం వెనక లేస్తోంది. ముందు ఆమె తల కొంచెం పక్కకు తిరుగుతోంది, తర్వాత చేయి లేస్తోంది. కళ్ళు తెరిచి, పక్క పిల్లను చూసి ఎత్తుతోంది.

ఆట అయిపోయాక ముందున్న ఒక చిన్న పిల్ల బీరువా దగ్గరికొచ్చింది. "సార్, మీ చెవుల గూడ గిట్లనే గుచ్చుతదా?" అని అడిగింది.



నా గ్రాఫు

బయటికొచ్చి, సిగ్నలు దొరికేదాకా రోడ్డు మీద నడిచి మేనేజరుకు ఫోన్ చేశాను. అంతా విన్నాడు.

"బడిల ఎర్తింగ్ లేదని రాయి. కరెంటు బాగలేదని రాయి. మిషన్ మార్చి ఇద్దాం. నీకు ఇనవడ్తలేదని మాత్రం రాయకు సత్తయ్యా. గట్ల రాస్తె రేపటి సంది నువ్వు సంతకం పెట్టిన ప్రతి కాగితం తిరగబెడ్తరు. మూడేండ్ల సర్వీసున్నది నీకు ఇంక."

ఆయన మాటలో నా మంచి కూడా ఉంది. కానీ ఎర్తింగ్ అని రాస్తే నా మూడు రిపోర్టులు అట్లాగే నిలబడతాయి. అవి నిలబడితే మెమో నిలబడుతుంది. అనసూయకు పని రాదన్న మాట నిలబడుతుంది.

సిగ్గేసింది. భయం కూడా వేసింది. మనిషి చెప్పింది నమ్మకుండా నా చెవిని నమ్ముకున్నందుకు సిగ్గు, ఆ చెవే లేదని తెలిసినందుకు భయం. రెంటిలో ఏది ఎక్కువో ఇప్పుడు చెప్పలేను.

బడిలోకి పోయి, పిల్లలు కూర్చునే చిన్న కుర్చీలో కూర్చుని, "నాకూ చెయ్యమ్మా," అన్నాను. అనసూయ మొదట వద్దంది. తర్వాత హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టింది. ఆ కూసే మిషన్ మీద సరిగ్గా పరీక్ష చేయించుకోగల మనిషి అక్కడ నేను. దాని కూత నాకు అడ్డు రాదు.

మొదట లావు శబ్దాలు వచ్చాయి, దూరంగా లారీ హారన్ లాంటివి. నొక్కాను. కొంచెం సన్నటివి వచ్చాయి. నొక్కాను. తర్వాత ఆగిపోయాయి. పిల్లలెవరైనా అడ్డొచ్చారేమో, ఆమె సర్దుకుంటోందేమో అనుకుని కదలకుండా కూర్చున్నాను. చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. అనసూయ వచ్చి హెడ్‌ఫోన్లు తీసింది.

"మధ్యల ఆపినవెందుకమ్మా?" అన్నాను.

"ఆపలే సార్. అయిపోయింది."

తెర మీద నా గ్రాఫు చూపించింది. గీత సగం దాకా సమంగా వచ్చి అక్కడి నుంచి కట్ట మీద నుంచి దిగినట్టు కిందికి పోయింది. "వయసుకు కొంత తగ్గుతది సార్. గని గింత తగ్గదు. మీ బ్లోయర్లు ఎన్నేండ్ల సంది?" అని అడిగింది. రోజుకు ఎనిమిది గంటలు, ఇరవై ఏళ్ళు. చెవుల్లో పత్తి ముక్క కూడా పెట్టుకోలేదు. చెవితో రోగం చెప్పేవాణ్ణి కదా, మూసుకుంటే ఎట్లా.

హెడ్మాస్టరు దగ్గర తెల్ల కాగితం అడిగి తీసుకుని అక్కడే రాశాను. పై మూడు రిపోర్టులు రాసిన నాకు ఆ శబ్దం వినపడదు. బడిలో పదకొండు మంది పిల్లలకు ఎనిమిదికి ఎనిమిది సార్లు వినపడింది. లోపం మిషన్‌లో ఉంది, పరీక్ష చేసినామెలో లేదు. నా రిపోర్టులు వెనక్కి తీసుకుంటున్నాను. సాక్ష్యంగా నా గ్రాఫు జత చేయమన్నాను.

"మీకేమన్న అయితదేమో సార్," అంది.

"అయితే అయితది," అన్నాను. ధైర్యంతో అన్న మాట కాదు. ఇంకేం అనాలో తెలియలేదు.

తర్వాత

మేనేజరు వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత చప్పుడు కంప్లెయింట్లు నా బల్లకు రాకుండా చేశాడు. మిగతా పనికి ఏమీ అనలేదు. ఆ మోడల్ విప్పి చూస్తే సంగతి బయటపడింది. లోపల బోర్డు మీద కరెంటును సర్దే చిన్న రాగి చుట్టలుంటాయి. పలుచటి డబ్బాలో ఇరికించేసరికి కొన్నింటిలో అవి వణికి కూస్తున్నాయి. పెద్ద చెడు కాదు. లెక్కలు టైపు చేసుకునేవాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. అనసూయకు మా స్టోరులోంచి పాత లావు మిషన్ ఒకటి తీసి ఇచ్చాం. మెమో వెనక్కి తీసుకున్నారు. కాంట్రాక్టు నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది.

ఆ ఏడు ఫారం వచ్చినప్పుడు బస్సులో నింపలేదు. తిరిగి అడిగాను. అడగడం అంటే ఫారం ఇచ్చి నిలబడడం కాదు. వాళ్ళు పనిచేసే చోట, పనిచేసే వేళకు పోయి పక్కన కూర్చున్నాను. ఒక్కరు కూడా పలుచగా ఉండాలని తమంతట తాము అనలేదు. ఎండలో కనపడాలన్నారు. బ్యాటరీ ఊడదీసి ఇంకోటి వేసుకునేట్టుండాలన్నారు. తెలుగు అక్షరాలు కీల మీదే చెక్కి ఉండాలన్నారు, అంటించినవి చెమటకు ఊడిపోతున్నాయట. మూత బందులు ఊడని మిషన్ ఒక్కటి చూపించండన్నారు. ఇవన్నీ అడుగున చేత్తో రాశాను. ఇంకోటి నా తరఫున కలిపాను: కొత్త మోడల్ చప్పుడు చేస్తుందో లేదో తేల్చడానికి మావంటి ఇంజనీర్లను అడగొద్దు, పదేళ్ళ పిల్లలను కూర్చోబెట్టి అడగండి. కంపెనీ నుంచి జవాబు రాలేదు. రాకపోవడం నాకు కొత్త కాదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను చూసి నేర్చుకోవాల్సింది ఇంతే. బ్లోయరు పట్టుకునేటప్పుడు చెవులు మూసుకోండి. వచ్చిన మనిషి ఒకే మాట మూడుసార్లు చెప్తే, నాలుగోసారి ఆ మనిషి పనిచేసే చోటికి పొండి. మీకు కనపడనిది, వినపడనిది ఉంటే "లోపం లేదు" అని రాయకండి. "నాకు తెలియలేదు" అని రాయండి. ఆ గడి ఏ ఫారంలోనూ ఉండదు. పక్కన రాయండి.

ఇక చివర కూర్చున్న పిల్ల సంగతి. పేరు లింగమ్మ. ఆ రోజు కాగితం రాయడం అయ్యాక, ఆమె చేయి ఆలస్యంగా లేవడం అనసూయకు చెప్పాను. అనసూయ మొహం మారిపోయింది.

"ఆ పిల్ల పేరు నా లిస్టుల ఉండె సార్. మొదటి ఎనిమిది మందిల రాలే, తర్వాత ఉండె. అందరితోని కలిపి కొట్టేసిండ్రు."

పాత మిషన్ మీద అమ్రాబాద్ వైపు పిల్లలందరినీ మళ్ళీ పరీక్షించింది. ఒక్కరికి తప్ప అందరికీ చెవులు బాగున్నాయి. ఆ ఒక్కరూ లింగమ్మే. రెండు చెవుల్లోనూ మూడొంతులు వినపడదు. ఎవరికీ తెలియకుండా, పక్కవాళ్ళను చూసి నెట్టుకొస్తోంది. దవాఖానకు మళ్ళీ రాయించి, మళ్ళీ పంపించి, చెవి మిషన్ వచ్చేసరికి మరికొన్ని నెలలు పట్టింది.

మొదటి రిపోర్టు మీద నేను సంతకం పెట్టిన రోజు నుంచి ఆ పిల్ల చెవికి మిషన్ పెట్టిన రోజు దాకా లెక్కేశాను. పదకొండు నెలలు. మూడో తరగతి మొత్తం అందులో పోయింది. నాలుగో తరగతిలో పంతులు చెప్పేది ఆమెకు వినపడింది గానీ, ఏమీ అర్థం కాలేదు.